మాల్ట్‌లో కలిపిన నల్లనూనె

తొమ్మిదేళ్లుగా ఒక మనిషి పేరు వింటే నాకు రోత పుడుతుంది. ఆయన మీద కోపం కాదు. ఆయన చాలా మంచివాడు. రోత నా మీద నాకే. మొన్నమొన్నటిదాకా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను వందమందికి విషం పెట్టాను.

చూశారా, మొదటి మాటే పెంచి చెప్పాను. వంద కాదు, పద్దెనిమిది మంది. విషం అన్నదీ పెద్దమాటే. ఎవరూ చావలేదు. ఒకావిడ కంచె వెనక్కి వెళ్లి కక్కుకుంది, అంతే. ఉన్నదాన్ని ఊది చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఈ కథ ఆ జబ్బుకు లేచిన కురుపు. అందుకే ఈసారి ఎక్కడ ఊదితే అక్కడే ఆగి గాలి తీసేస్తాను. ఓపిక పట్టండి.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మేముండేది ఊరి బయట, ట్రామ్ చివరి స్టాపుకు దగ్గర. పక్కింటాయన డీటర్. లేత్ మిషన్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. ఇంటి కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, సొంతంగా బీరు కాచేవాడు. తోడు హోర్స్ట్. ఇద్దరూ పదహారో ఏట ఒకే వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరారట. అప్పటి నుంచీ విడిచి ఉన్నది లేదు. డీటర్ కాస్తాడు, హోర్స్ట్ కడుగుతాడు. సీసాలు, పీపాలు, గొట్టాలు, అన్నీ. హోర్స్ట్ మాట్లాడేది తక్కువ. కడిగేటప్పుడు మాత్రం పైకి లెక్కపెట్టేవాడు.

బీరుకు మాల్ట్ కావాలి. అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దాన్ని రెండు ఉక్కు రోలర్ల మధ్య పగలగొట్టాలి. పిండి కాకూడదు, పొట్టు చిరగకూడదు, లోపలి గింజ మాత్రం విడిపోవాలి. డీటర్ దగ్గరున్నది చేత్తో తిప్పే చిన్న మిల్లు. భుజం నొప్పి ముదిరాక తిప్పలేకపోయాడు. దానికి మోటారు పెడదామనుకున్నాడు. కంచె దగ్గర ఆ మాట నాతో అన్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "మా నాయనకు నిజామాబాద్ దగ్గర నలభై మిల్లులు. వాటన్నిటికీ ఇంజినీర్ని నేనే" అన్నాను.

మా ఆవిడ అక్కడే బట్టలు ఆరేస్తోంది. నలభైకి జర్మన్ మాట ఆమెకు తెలుసు. తెలుగులో అందుకుంది. "ఏందయ్యా, మీ నాయిన ఒక్క గిర్నీల పిండి ఊడ్చేటోడు. గదీ వేరేటోళ్ల గిర్ని. నువ్వెప్పుడైనవు ఇంజినీరువు?"

డీటర్ నవ్వుతూ ఆమె ఏమందని అడిగాడు.

"నలభై కాదు, నలభై రెండు అంటోంది" అని చెప్పాను.

ఆ రోజు నుంచి డీటర్ నన్ను హెర్ ఇంజినీర్, అంటే ఇంజినీరుగారు, అని పిలిచేవాడు. సగం ఎగతాళి, సగం నమ్మకం. ఆ సగం నమ్మకం కోసమే నేను రోజూ ఆ కెల్లర్ మెట్లు దిగేవాణ్ణి.

మిల్లు మేం ముగ్గురం కట్టామని నలుగురికీ చెప్పుకున్నాను. కాదు. పాడైన వాషింగ్ మెషీన్ నుంచి మోటారు ఊడదీసింది డీటర్. వేగం తగ్గాలంటే ఎంత పెద్ద పుల్లీ వేయాలో లెక్క కట్టి బెల్టు తెచ్చింది హోర్స్ట్. నేను టార్చి పట్టుకున్నాను. తల ఊపాను. "మా మిల్లుల్లో ఇలా కాదు" అని మధ్యమధ్యలో అన్నాను. అది మొదటిసారి తిరిగిన రోజు డీటర్ ఒక తెల్ల గ్రీజు డబ్బా చూపించాడు. తినే వస్తువుల మిషన్లకు వాడేది. బేరింగులు గింజకు మరీ దగ్గరగా ఉన్నాయని, మిల్లు ఆపి బఠాణీ గింజంత మాత్రమే పెట్టాలని, ఇంకేదీ తగలకూడదని చెప్పాడు. నాకు తెలియనట్టు చెప్తావేమిటన్నట్టు చూశాను. నిజంగా తెలియదు.

నాకు తెలిసిందల్లా ఒక్కటే. సెలవుల్లో నాయన వెంట గిర్నీకి వెళ్లినప్పుడు నాకిచ్చిన పని నూనె పోయడం. అక్కడ మేకుకు ఒక మూతలేని డబ్బా వేలాడేది. అందులో లారీల నుంచి తీసిన మాడిన నూనె. జనం డబ్బాలు వరసలో పెట్టుకుని నిలబడి ఉంటారు కాబట్టి గిర్నీ ఆపే మాట లేదు. కీచుమంటే చాలు, తిరుగుతున్నదాని మీదే పోయాలి. అక్కడ బేరింగు, పిండి ఆడే రాళ్లకు మూరెడు దూరంలో, బయట ఉండేది. కారిన నూనె నేల మీద పడేది. పిండికి ఏమీ కాదు. నా చేతికి అలవాటు పట్టింది గాని, ఆ మూరెడు దూరం ఎందుకుందో బుర్రకు ఎప్పుడూ ఎక్కలేదు.

డీటర్ డెబ్బయ్యో పుట్టినరోజు కోసం ఎక్కువ బీరు కాయాలనుకున్నాం. ముదురు రంగు బీరు. కాచే రోజు పొద్దున హోర్స్ట్ రాలేదు. మాల్ట్ ఆడుతుండగా పైన బెల్లు మోగింది, పార్సెల్ తీసుకోవడానికి డీటర్ మెట్లెక్కాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. మిల్లు కీచుమంది.

గోడవార ఒక డబ్బా ఉంది. డీటర్ తన కారు నుంచి తీసిన పాతనూనె, ఊరి చెత్త డిపోలో అప్పగించడానికి పెట్టుకున్నది. నా చెయ్యి దాని మీదికి వెళ్లింది. నేను ఆలోచించలేదు. ఇంతవరకూ పొరపాటే. దీన్ని మీరు క్షమించినా నాకు అభ్యంతరం లేదు.

నూనె ఇరుసు వెంట జారి, పక్కచెక్క సందులోంచి లోపలికి వెళ్లి, కింద బకెట్లోని మాల్ట్ మీద పడింది. తెల్లటి పగిలిన గింజల మీద అరచేతి వెడల్పున నల్లటి మరక. మోటారు ఆపాను. చూశాను. స్పష్టంగా చూశాను. రెండు దోసిళ్లు తీసి పారేస్తే పోయేది. బకెట్ మొత్తం పారబోసినా ఏం మునిగేది? పైన తలుపు మూసిన చప్పుడు వినిపించింది. డీటర్ మెట్లు దిగుతున్నాడు. నేను మణికట్టు దాకా చెయ్యి ముంచి కలిపేశాను.

కలిపేశాను. ఈ ఒక్కమాట రాయడానికి ఇంతసేపు ఇన్ని మాటలు రాశాను.

చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాను. డీటర్ వచ్చి ముక్కు ఎగబీల్చి, ఏదో వాసన వస్తోందన్నాడు. బెల్టు కొత్తది కదా, వేడెక్కితే అంతే అన్నాను. నమ్మాడు. కాచేటప్పుడు పైన ఇంద్రధనుస్సులా ఒక పొర తేలింది. డీటర్ అటు తిరిగినప్పుడల్లా గరిటెతో దాన్ని తీసి నీళ్ల తూములో పోశాను. ఎంత తీసినా కొంచెం మిగిలేది. ఒకసారి చేసింది పొరపాటు అనుకుందాం, గరిటెతో పదిసార్లు చేసింది ఏమిటి? ఇంజినీర్ని కాదని తెలిసిపోతే ఏమవుతుందని భయపడ్డాను? ఎగతాళి చేస్తారు. అంతకన్నా ఏముంది? ఒక పూట ఎగతాళికి భయపడి నేను మనుషుల చేత కారు నూనె తాగించాను.

మూడు వారాల తర్వాత సీసాలు నింపాం. ఆ రోజు పెరట్లో హోర్స్ట్ సీసాలు కడుగుతుంటే పక్కన స్టూలు మీద నేను కూర్చున్నాను. సబ్బునీళ్లు, ఆ తర్వాత మూడుసార్లు మంచినీళ్లు. ప్రతి సీసాకూ ఒకటి, రెండు, మూడు అని పైకి అంటూనే ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను.

పుట్టినరోజు డీటర్ వాళ్ల తోటలో జరిగింది. బల్లల చుట్టూ అందరూ లేచి నిలబడి గ్లాసులెత్తారు. నురుగు లేదు. పోసిన క్షణంలోనే చచ్చిపోయింది. పైన సన్నటి జిడ్డు మెరుస్తోంది. ఇక్కడివాళ్లకు నురుగు లేని బీరు ముందు పెట్టడమంటే మనం విందుకు పిలిచి పాచి అన్నం వడ్డించడం లాంటిది. అయినా మర్యాద కోసం తాగారు. నేనూ తాగాను, నాలుక మీద గ్యారేజీ రుచి. డీటర్ చెల్లెలు కంచె వెనక్కి వెళ్లింది.

సబ్బు మిగిలినా నురుగు చచ్చిపోతుందట. డీటర్ అందరి ముందూ హోర్స్ట్ వైపు తిరిగి, సీసాల్లో సబ్బు వదిలేశావు అన్నాడు. లేదు, మూడుసార్లు కడిగాను అన్నాడు హోర్స్ట్. డీటర్ గొంతు పెంచాడు. వయసైపోయిందని, కళ్లు కనబడకపోతే చెప్పాలని ఏవేవో అన్నాడు. హోర్స్ట్ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఐదు రోజులకు మా ఇంటికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. అడగకుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. జర్మన్‌లో జరిగిన మాటలు నాకు గుర్తున్నట్టే రాస్తున్నాను.

"ఆ రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావు కదా."

"కూర్చున్నాను."

"ఎన్నిసార్లు కడిగానో చూశావు."

"ఫోన్ చూసుకుంటున్నాను హోర్స్ట్. సరిగ్గా గమనించలేదు."

"నేను పైకే లెక్కపెట్టాను. నువ్వు నవ్వావు కూడా."

"నవ్వానేమో. గుర్తులేదు."

ఆయన నేనిచ్చిన చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "డీటర్ నా మాట నమ్మడు. నీ మాటైతే నమ్ముతాడు. నువ్వు ఇంజినీరువి."

నేను ఆ కప్పులో ఇంకొంచెం చాయ్ పోశాను. ఆయన లేచి, గుమ్మం దగ్గర వంగి, చాలాసేపు బూట్ల లేసులు కట్టుకున్నాడు. అంతసేపూ నాకు అవకాశం ఉంది. ఆ వంగిన వీపు నా ముందే ఉంది.

తలుపు మూశాక మా ఆవిడ అడిగింది. "ఆయనెందుకొచ్చిండు?"

"ఊరికే" అన్నాను.

ఆ తర్వాత కెల్లర్‌లో హోర్స్ట్ కుర్చీ నాకు వచ్చింది. వచ్చిందంటున్నాను, చూశారా, అదే నడిచి వచ్చినట్టు. నేనే కూర్చున్నాను. సీసాలు నేను కడగడం మొదలుపెట్టాను. డీటర్‌కు తోడు నేనయ్యాను. నాకు బాగుండేది, అదీ అసలు సంగతి. ఊరు కాని ఊళ్లో నా కోసం ఎదురుచూసే మనిషి ఒకడు దొరికాడు. ఇంకొకడి చోటు లాక్కుని సంపాదించిన స్నేహమని తెలిసీ, శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. వాళ్లిద్దరూ మళ్లీ కలిస్తే నా గతేమిటని లోపల్లోపల భయపడేవాణ్ణి కూడా. దీనికంటే నీచం ఏముంటుంది?

ఉంది. పోయిన చలికాలం హోర్స్ట్ చనిపోయాడు. శ్మశానంలో డీటర్ అందరికంటే వెనక నిలబడ్డాడు. వాన. గొడుగు నేను పట్టుకున్నాను. "సబ్బు అని ఒక్కమాట ఒప్పుకుంటే అయిపోయేది. ఇంత మొండితనమా?" అన్నాడు. నేను "అవును" అన్నాను. సమాధిలో పడుకున్నవాడి మీద, వాన పడుతుండగా, అవును అన్నాను. నా నోరు నాకే కంపు కొట్టింది.

కిందటివారం ఆదివారం పొద్దున వెళ్లి డీటర్‌కు చెప్పాను. అక్కడ కూడా ముందు "ఒక చుక్క నూనె" అని మొదలుపెట్టాను. ఆగి, చుక్క కాదు, డబ్బా వంచి పోశాను అన్నాను. మిల్లుల సంగతి, నాయన చీపురు సంగతి, గరిటె సంగతి, అన్నీ చెప్పాను. ఆయన అరవలేదు. అరుస్తాడనే ధైర్యంతో వెళ్లాను. ఒక్కటే అడిగాడు.

"హోర్స్ట్ నీ ఇంటికి వచ్చి మరీ అడిగాడా?"

"అడిగాడు."

డీటర్ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. ఇప్పటికి తొమ్మిది రోజులు. ఆ తలుపు నా కోసం తెరుచుకోలేదు. తెరుచుకోవాలని అడిగే మొహం నాకు లేదు. చెప్పడం వల్ల హోర్స్ట్‌కు ఒరిగిందేమీ లేదు. డీటర్‌కు మాత్రం తన స్నేహితుణ్ణి రెండోసారి చంపి ఇచ్చాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకూ చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తోంది. విన్నంతసేపూ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత పప్పు గిన్నె నా ముందుకు జరిపి, "నువ్వే పెట్టుకో" అని వంటింట్లోకి పోయింది. పెళ్లయ్యాక ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

పెట్టుకున్నాను. ఆకలేసింది. సిగ్గులేదా అనుకున్నాను. ఉంది. అయినా ఎన్నేళ్లకో ఆకలేసింది. రెండోసారి కూడా పెట్టుకుని, కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.