ఇంజన్ వద్దన్న ఆసామి

ముద్దనూరు దగ్గర ఒక మేకల కొట్టంలో దొరికిన పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారును బాగుచేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ప్రొద్దుటూరులోని నా షెడ్డులో పగలంతా ట్రాక్టర్లు రిపేరు చేసి, మిగిలిన ఓపికంతా దాని ఇంజన్ మీదే పెట్టాను. ఇక నడుము సహకరించక కారును అమ్మకానికి పెట్టాను.

ఈ రోజు పొద్దున పులివెందుల నుంచి ఒక ఫంక్షన్ హాలు ఓనరు వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి మురిసిపోయాడు. నేను బానెట్ ఎత్తబోతే వద్దన్నాడు.

"ఇంజన్ నువ్వే తీసి పెట్టుకోప్పా. దీన్ని హాలు ముందర నిలబెడతా. పెండ్లి జంటలు కూసోని ఫొటోలు దిగుతారు."

"ఇంజనే కదన్నా బండంటే! నాలుగేండ్లు దాంతోనే సచ్చినా."

"దాన్నెవురు చూస్తారప్పా? మూసే ఉంటాది గదా."

ఇంతకుముందు చూసిపోయినవాళ్లెవరూ మళ్లీ రాలేదు. వాదించే ఓపికా లేదు. ఇంజన్‌ను అందులోనే ఉండనివ్వమని, వారానికోసారి నేనే వచ్చి స్టార్ట్ చేసి వెళ్తానని బతిమాలాను. ఆయన ఒప్పుకున్నాడు.

"రాప్పా. పెండ్లి లేని దినం మాత్రం రా. పొగకు పట్టుచీరలు పాడైతాయి."

సాయంత్రం నేనే నడిపి లారీ ఎక్కించాను. మొదటి తిప్పుకే స్టార్టయింది.

ఇంటికొచ్చి, మూఢం ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ తిరగేస్తూ కూర్చున్నాను. పెళ్లిళ్లు లేని రోజుల కోసం ఇంతగా ఎదురుచూసేవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?