కట్టయ్య పది వేళ్లు

మా కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దే కట్టయ్యకు గొప్పలు రెండే. ఒకటి, తన రంగు చచ్చినా పోదని. రెండు, ఇరవై ఒకటో ఏట నుంచి ఒక్క పార్లమెంటు ఓటూ తప్పలేదని.

"ఇంత పెద్ద వరంగల్‌కు ఢిల్లీల ఉన్నది ఒక్కటే కుర్సీ. అండ్ల నాదొక పోగు" అంటాడు. కుర్సీలో పోగెక్కడిదని అడిగితే నా మీద కస్సుమన్నాడు.

ఈ రెండు గొప్పలకూ ఒకనాడు పడదని మొన్నటి ఎన్నికల దాకా ఎవరికీ తోచలేదు. పోలింగు ముందురోజు, భార్య భాగ్యమ్మ వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, నీలం తొట్టిలో చేతులు పెట్టాడు. తెల్లారి బడిలోని బూత్‌కు వెళ్లాం. వరుసలో ఆయన వెనక నేను. ములుగు నుంచి డ్యూటీకి వచ్చిన లావణ్య మేడమ్ ఆయన ఎడమ చూపుడువేలు చూసి ఆగిపోయింది.

"తాతా, ఓటేసినవ్ గదా?"

"లేదు బిడ్డా, గిది నూలు రంగు." కట్టయ్య పది వేళ్లూ చాపాడు. "అన్నీ నీలమే. పది ఓట్లేస్తనా?"

వరుసంతా నవ్వింది, ఆమె నవ్వలేదు. "రంగు కింద సిరా గుర్తున్నా నాకెట్ల తెలుస్తది? కడుక్కొని రా తాతా."

కుళాయి దగ్గర సబ్బు అయింది, బ్లీచింగ్ పొడి అయింది, గచ్చుకేసి రుద్దడమూ అయింది. తోలు లేచింది గాని రంగు పోలేదు. ఇంకోరోజైతే మురిసిపోయేవాడు, ఇప్పుడు గోడకానుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ తాప నా పోగు లేనట్టే" అన్నాడు. నాకు జాలేసింది, ఆ మొండి రంగు మీద కోపమూ వచ్చింది.

మళ్లీ లోపలికి వెళ్తే మేడమ్ ఆ చేతులు చూసి తల పట్టుకుంది. పార్టీల ఏజెంట్ల వైపు తిరిగి, "ఈయన మీకెవరికన్న ఎర్కేనా?" అంది.

ఆ ఏజెంట్లలో ఒకడు జంపఖానాల వ్యాపారి యాదగిరి. కట్టయ్య రంగునూలు తెచ్చినప్పుడల్లా "రెండు ఉతుకులకు తెల్లబడ్తది" అని ధర కోసే ఘనుడు. అయితే కట్టయ్య ఓటు తన పార్టీకేనని ఆయన నమ్మకం. లేచి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. కట్టయ్య రంగు చచ్చినా పోదు. అది సిరా కాదు, నాది గ్యారంటీ."

మిగతా ఏజెంట్లూ అభ్యంతరం లేదన్నారు. మేడమ్ ఒప్పుకుని సిరా బుడ్డి తీసింది. కట్టయ్య వేలు సగం వెనక్కి లాక్కున్నాడు.

"బిడ్డా, మీ రంగు గట్టిదేనా?"

ఎవరికి వేశాడో భాగ్యమ్మకు కూడా చెప్పలేదు. మర్నాడు నూలు కట్టలు నెత్తికెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని యాదగిరి కొట్టుకు పోయాడు. యాదగిరి అలవాటు కొద్దీ ఒక పోగు నలిపి, "కట్టన్నా, రంగు జర..." అని మొదలుపెట్టాడు.

"చెప్పు సేటు," అన్నాడు కట్టయ్య నింపాదిగా, "నిన్న బూత్‌ల చెప్పిన మాటేనా, వేరేదా? సాక్షిని తోల్కొచ్చిన."