తెల్లగా తోమిన కొమ్మ

ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి చేతులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. గోళ్ళ సందుల్లో నలుపు, వేళ్ళ మీద కాలిన మచ్చలు. మా వీధి మెకానిక్కు చేతులు మాత్రం మోచేతుల దాకా నీళ్ళలో నానిన కాగితంలా ఉండేవి. రోజంతా రాగి గొట్టాలతో పని. ఇంటికి రాగానే చొక్కా విప్పి, కొళాయి కింద మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. సబ్బు ముట్టడు, ముతక ఉప్పుతోనే రుద్దుకునేవాడు. ఆ తర్వాతే ముందుగదిలోకి అడుగు. పిల్లలు ఆయనకు ఉప్పు మావయ్య అని పేరు పెట్టారు.

ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో కోరల్స్, అంటే పగడపు పొదలు. తొట్టి కింద ఇనుప స్టాండు నేను వెల్డింగ్ చేసిందే. పని పూర్తయ్యాక ఆయన తన లెవెల్ గొట్టం తెచ్చి నాలుగు మూలలా పెట్టి చూసుకున్నాడు. ఒక కాలు నూలు వాసి ఎత్తుందన్నాడు. నాకు కోపం వచ్చింది. నా గొట్టం పెట్టి చూశాను. ఎత్తే ఉంది. అప్పటినుంచి స్నేహితులమయ్యాం.

కోరల్ చూడ్డానికి మొక్కలా ఉంటుంది, పట్టుకుంటే రాయి, నిజానికి జంతువు. రాతి ఎముక మీద పల్చటి చర్మంలా ప్రాణం పరుచుకుని ఉంటుంది. రంగంతా ఆ చర్మంలోనే. ఆయనకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. "పెంచాను అనకు. మొదటి రెండేళ్ళు చంపాను, తర్వాత చంపడం మానేశాను. అంతే నాకొచ్చిన విద్య," అనేవాడు.

చేపల దుకాణంవాడు చచ్చిందని పారేయబోతున్న గోరంత ముక్కను ఆయన అడిగి తెచ్చుకున్నాడు. బురద రంగులో ఉండేది. దాన్ని చిన్న రాయికి జిగురుతో అంటించి, తొట్టి అడుగున నీడలో పెట్టాడు. నెలకు రెండు వేళ్ళ ఎత్తు చొప్పున వెలుతురులోకి జరిపాడు. వారం వారం నీళ్ళు మార్చేవాడు. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, పరీక్ష మందు చుక్కలు వేసి, రంగు మారేదాకా లెక్కపెట్టేవాడు. అప్పుడు మనం పలకరిస్తే పలికేవాడు కాదు. తొమ్మిదేళ్ళకు ఆ గోరు ముక్క పెద్ద గుమ్మడికాయంత పొద అయింది. కొమ్మల మొదళ్ళలో ఆకుపచ్చ, కొసల్లో వంగపండు రంగు. వచ్చినవాళ్ళు "ఈ రంగు ఎక్కడ కొన్నారండీ?" అని అడిగేవాళ్ళు. ఆయన భార్య వంటగదిలోంచి, "మా ఇంటి గోడలకు సున్నం లేకపోయినా దానికి రంగులున్నాయి లెండి," అనేది.

కోరల్ పెంచేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా తన పొదలోంచి ఒక కొమ్మ ఇస్తే, తీసుకున్నవాడు దాన్ని బతికించాలి. ఇచ్చినవాడి తొట్టి ఎప్పుడైనా పాడైతే, అడగ్గానే ఒక కొమ్మ విరిచి తిరిగివ్వాలి. కాగితాలుండవు, సాక్షులుండరు. ఆయన ముగ్గురికి ఇచ్చాడు. ఇద్దరివి నిలవలేదు. మూడోవాడు పెద్దవీధి పళ్ళ డాక్టరు. ఆయన ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలో ఏడడుగుల తొట్టి ఉంది.

ఒక ఏడాది మెకానిక్కుకు హెర్నియా ఆపరేషను చేశారు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. భార్య కూడా వెంట ఉండటంతో ఇంటికి కాపలాగా ఆమె తమ్ముడు వచ్చాడు. అతన్ని మేం రేడియో అనేవాళ్ళం. ఆపే బొత్తాం లేని రేడియో. మెకానిక్కు కాగితం మీద మూడు మాటలు రాసిచ్చాడు. ఆవిరైన మేరకు గీత దాకా మంచినీళ్ళు పోయాలి. చేపలకు చిటికెడు మేత వెయ్యాలి. ఇంకేమీ చెయ్యకూడదు. చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.

నాలుగో రోజు చేపల మీద తెల్ల మచ్చలు కనిపించాయి. రేడియో దుకాణానికి వెళ్ళి నీలం మందు తెచ్చాడు. పది చుక్కలని సీసా మీద ఉంటే సగం సీసా పోశాడు. అది రాగి మందు. చేపలకు పనిచేస్తుంది. కోరల్‌కు చుక్క చాలు, ప్రాణం తీస్తుంది.

ఆయన ఇంటికొచ్చేసరికి పొద మీది చర్మం పీలికలై నీళ్ళలో తేలుతోంది. నత్తలు వెల్లకిలా పడున్నాయి. చేపలు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. కిటికీలో నీలం సీసా ఉంది.

"ఇదేంట్రా?"

"మందు బావా! నేను సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒక్క చేప మిగిలేది కాదు."

"కాగితంలో ఏం రాశాను?"

"చస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? మనిషన్నవాడికి బుద్ధి ఉంటుంది కదా బావా, కాగితం చూసి బతుకుతామా?"

"వాడు మంచికే చేశాడండీ," అంది భార్య. "కుట్లున్నాయి, అరవకండి."

ఆయన అరవలేదు. రాళ్ళూ ఇసుకా రాగిని తాగేస్తాయి, ఎన్నిసార్లు కడిగినా కొంచెం కొంచెం వదులుతూనే ఉంటాయి. ఆ తొట్టిలో ఇక కోరల్ బతకదు. చేపల్ని దుకాణంవాడికిచ్చి, రాళ్ళన్నీ గోతాంలో వేసి, కుట్లు విప్పకముందే తనే మోసి పారేశాడు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఇవ్వనని నేనంటానా మెకానిక్ గారూ? కానీ మీ తొట్టిలో విషం ఉందంటున్నారు. అందులో పెడితే ఇదీ పోతుంది కదా."

"కొత్తది కడుతున్నాను సార్. చిన్నది."

"కొత్త తొట్టి కుదురుకోవాలి. ఆరు నెలలు ఆగండి."

డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. కొత్త నీళ్ళలో అలాంటి కోరల్ నిలవదు. పనికి సంబంధించిన నిజాన్ని కాదనడం మెకానిక్కుకు చేతకాదు, తలూపి వచ్చేశాడు. అప్పటికే ఆ కొమ్మ ముందు అద్దం మీద డాక్టరు పేరుతో చిన్న చీటీ అతికించి ఉంది. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు, అదీ నేను అడిగితేనే.

రెండడుగుల తొట్టి కట్టాడు. స్టాండు మళ్ళీ నేనే చేశాను, ఈసారి లెవెల్ ఆయన చూడలేదు. ఆరు నెలలు ఉత్త రాళ్ళకూ నీళ్ళకూ సేవ చేశాడు. ఆరు నెలలు నిండిన మర్నాడు నా బండి వెనక కూర్చున్నాడు, ఒళ్ళో మూత బకెట్టు, అందులో తన తొట్టి నీళ్ళు.

పొద్దున పది గంటలు. డాక్టరు ఆసుపత్రిలో దవడలు పట్టుకున్న జనం బల్లల మీద వరసగా కూర్చున్నారు. తొట్టి మీద కొత్త లైట్లు కళ్ళు చెదిరేలా వెలుగుతున్నాయి. చీటీ వెనక ఆ కొమ్మ, ఇప్పుడు మూరెడు పొద, పాలలా తెల్లగా ఉంది.

"చూశారా!" అన్నాడు డాక్టరు. "కొత్త లైట్లు పెట్టాక ఎంత తెల్లబడిందో! అందరూ దీన్నే ఫోటో తీసుకుంటున్నారు. పాచి పట్టకుండా మా నర్సు రెండ్రోజులకోసారి మెత్తటి బ్రష్షుతో తోముతుంది."

మెకానిక్కు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. కొత్త వెలుతురు ఒక్కసారిగా కొట్టి చర్మాన్ని చంపింది. మిగిలింది ఎముక. పళ్ళ డాక్టరు కదా, తెల్లగా ఉంటే ఆరోగ్యమనుకున్నాడు. అడుగున, వెలుతురు తగలని పక్క, బొటనవేలి గోరంత మేర మాత్రం ఆకుపచ్చ చర్మం మిగిలింది.

"సార్, ఇది పోయింది. అడుగున కొంచెం ప్రాణముంది. అది ఇస్తే బతికిస్తాను."

డాక్టరు నవ్వాడు. "మీ బాధ నాకర్థమైంది. మీ తొట్టి పోయినప్పటినుంచి మీకు అన్నీ పోయినట్టే కనిపిస్తున్నాయి. అడుగున విరిస్తే పొద మొత్తం ఒరిగిపోతుంది. పైన ఎంత కావాలంటే అంత తీసుకోండి. మాటిచ్చాను, తప్పను."

"పైది నాకొద్దు సార్."

"ఇస్తే వద్దంటారు, ఇవ్వకపోతే తప్పంటారు!" డాక్టరు బల్లల మీదున్నవాళ్ళ వైపు చూశాడు. దవడ వాచిన ఒకాయన కూడా నొప్పి మరిచి నవ్వాడు.

"కనీసం లైట్లు మూరెడు పైకి కట్టించండి. ఆ కాస్తయినా ఉంటుంది."

"చెప్తాను, లైట్లవాడొస్తే చెప్తాను," అంటూ డాక్టరు లోపలికి వెళ్ళిపోయాడు. నర్సు తర్వాతి పేరు పిలిచింది.

తిరిగొస్తుంటే బకెట్టులో నీళ్ళు తొణికి నా వీపు తడిసింది. ఇంటి ముందు భార్య ఎదురొచ్చి మూత తీసి చూసింది. ఆయన జరిగింది చెప్పాడు.

"డాక్టరు అటు వెళ్ళగానే చెయ్యి పెట్టి విరుచుకుని రాకపోయారా?" అంది. "ఎవరు చూడొచ్చారు?"

"ఒకళ్ళ తొట్టిలో అడక్కుండా చెయ్యి పెట్టకూడదు."

 ఆమె కొంగుతో గుమ్మం మీద పడ్డ ఉప్పునీళ్ళు తుడిచింది. "మా తమ్ముడికి ఆ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది," అంది, ఆయన వైపు చూడకుండా.

ఆరు నెలల్లో ఆమె తమ్ముణ్ణి తప్పుపట్టడం అదే మొదటిసారి. ఆయన విన్నాడో లేదో తెలియదు. లోపలికెళ్ళి, చిన్న తొట్టి మోటారు తీగ లాగేసి, నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. చేతులు కడుక్కోలేదు.