ప్రింటులో రాని పిల్లర్లు

ఒక అమ్మాయి బతుకును నేను చేతులారా పాడుచేశాను. ఆ సంగతి ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పుకోవడమే నాకు చేతనవుతోంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఇంజనీరు దగ్గర కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీసేదాన్ని. ఆ పనికి ఆఫీసులో నేనొక్కదాన్నే. తర్వాత నూకరత్నం వచ్చింది. బాంబూఫ్లాట్ పిల్ల, రోజూ ఫెర్రీలో వచ్చేది. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్తాడు. నాకు ఏళ్లు పట్టిన పని ఆమెకు కొన్ని నెలల్లోనే పట్టుబడింది. గోడ మీద ఎండ, కిటికీ కింద నీడ, ఆమె చేసిన ఇంటి బొమ్మలు అచ్చం ఫోటోల్లా ఉండేవి. ఇల్లు కట్టించుకునే పార్టీలు వచ్చినప్పుడు సారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను టీ చెప్పడానికి లేచేదాన్ని.

మొదటిసారి నేనేమీ చేయలేదు. ఆమె బొమ్మలో ఇటుకలు, టైల్సు ఏవీ రాక గోడలన్నీ తెల్లగా వచ్చాయి. వాటి ఫోటోలున్న ఫోల్డర్‌ను ఎవరో వేరే చోటికి జరిపారు, అంతే. చూడగానే నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. ఆమె తిండి మాని వెతుక్కుంటుంటే నాకు మాత్రం బాగా ఆకలి వేసింది. అన్నం డబ్బా ఖాళీ చేశాను. అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు కదా? ఒకరు నలిగిపోతుంటే చూడటంలో రుచి ఉందని తెలిశాక, నేను ఆగగలిగే మనిషినేనా?

రెండోసారి నేనే చేశాను. మిన్నీ బేలో ఒక పెద్ద ఇల్లు, ప్లాను ఆమే గీసింది. పార్టీ వచ్చే రోజు పొద్దున, ఆమె ఇంకా ఫెర్రీ దిగకముందే, ఆమె ఫైలు తెరిచాను. డ్రాయింగులో గోడలు ఒక లేయరులో ఉంటాయి, పిల్లర్లు ఇంకో లేయరులో. ఒక్కో లేయరు పక్కన చిన్న ప్రింటరు గుర్తు ఉంటుంది. దాని మీద ఒక్క నొక్కు నొక్కితే, ఆ లేయరులో గీసినవి స్క్రీన్ మీద కనిపిస్తాయి కానీ కాగితం మీదికి రావు. పిల్లర్ల లేయరు దగ్గర నొక్కాను. సేవ్ చేశాను.

ఆమె వచ్చి ప్రింటు తీసింది. పిల్లర్లు లేవు. ప్రింటరు మార్చింది. మెషీన్ ఆపి మళ్లీ వేసింది. చివరికి పిల్లర్లన్నీ చెరిపేసి, ఒక్కొక్కటే మళ్లీ గీసింది. అదే లేయరులో. ఎలా వస్తాయి? నేను వెనకే నిలబడి చూశాను.

“దీదీ, స్క్రీన్ మీద అన్నీ ఠీక్‌గానే ఉన్నాయి. ప్రింట్‌లో పిల్లర్లు రాట్లేదు. ఏటయిందో సమజ్ అవట్లేదు. ఒక్కపాలి చూడవా?” అంది.

వంగి చూశాను. ఆ గుర్తు నా కళ్లముందే ఉంది.

“నాకేం గలత్ కనిపించట్లేదు రత్నం. అందరికీ ఈ పని రాదు. వల అల్లుకోవడం కాదు కదా ఇది,” అన్నాను.

నా టైము పాడుచేసినందుకు మెల్లగా మాఫీ అడిగింది.

ఇంతలో పార్టీ వచ్చేసింది. ఆ షీట్లే విప్పితే ఏ ఆధారమూ లేని స్లాబులు. పార్టీవాళ్లు నవ్వారు. సారు వాళ్ల ముందే ఆమెను కళ్లున్నాయా అని అడిగి, రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె వెళ్లాక ఆ గుర్తు మళ్లీ నొక్కి, మంచి షీట్లు తీసి ఇచ్చాను. వాటి మీదున్నవి ఆమె రెండోసారి గీసిన పిల్లర్లే. సారు నన్ను మెచ్చుకున్నాడు. తీసుకున్నాను.

ఈమధ్య ఫెర్రీలో కనిపించింది. బట్టల కొట్టులో పనట. అక్కడ బిల్లులకు కంప్యూటర్ పెడితే, తనకు రాదని చెప్పి చీరలు మడతపెట్టే పనికి మారిపోయిందట. ఆ రోజు నేను నిజమే చెప్పానని, అది తనవల్ల అయ్యే పని కాదని నవ్వుతూ అంది. ఆ ప్రింటు ఎందుకు రాలేదో నాకు తర్వాతైనా తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాను.

ఇప్పుడైనా పడవెక్కి వెళ్లి చెప్పవచ్చు. వెళ్లను. నన్ను నేను ఎరుగుదును. రత్నం తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆమె చదువంతా హిందీలోనే సాగింది. అది తెలిసే తెలుగులో రాస్తున్నాను. ఆ పని చేసింది నేను. ఇలా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. నాకు ఆ తేలికకు కూడా హక్కు లేదు.