వలముక్కతో వెతికిన మనిషి

కలరా ఉండల వాసన వస్తే నాకు ఇప్పటికీ పోలీసు స్టేషనే గుర్తుకొస్తుంది. మొన్న వానల్లో తెనాలిలో మా ఇంటి బీరువాలోంచి దుప్పటి తీస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలి, చేతిలో దుప్పటితో అలాగే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళ కిందట రేపల్లె వైపు ఒక చిన్న స్టేషన్లో పనిచేసేదాన్ని. అక్కడి వెనకగదిలో, ఇనప బీరువా అడుగు అరలో, ఎర్రగుడ్డలో కట్టిన మూట ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి ఆచూకీ దొరకని మనుషుల ఫైళ్ళు అందులో ఉండేవి. ఆ ఫైళ్ళ మధ్య కలరా ఉండలు పెట్టి కాపాడింది హెడ్ కానిస్టేబుల్ వెంకటరత్నం గారు. "కాగితం పోతే మళ్ళీ రాసుకోవచ్చమ్మా. పురుగు ఫోటో తినేసిందనుకో, ఆ మొహాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?" అనేవారు.

నేను కానిస్టేబుల్‌గా చేరేనాటికి ఆయన రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్ళు ఉంది. బక్కపలచటి మనిషి. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. స్టేషన్లో రోజువారీ పనికే మనుషులు చాలరు కాబట్టి పాత కేసుల జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. "హెడ్డుగారి మూట" అని నవ్వుకునేవారు. ఆయన మాత్రం తన సెలవు రోజుల్లో, తన సైకిలు మీద, ఆ మూటలోని ఇళ్ళకు వెళ్ళొచ్చేవారు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "మూసేశాం అని మనం రాసుకుంటాం. వాళ్ళు మాత్రం ఇంకా ఆ మనిషికీ కలిపే ఎసరు పెడుతున్నారు. నమ్మకపోతే రా, చూద్దువుగాని" అన్నారు.

అలా నేను వెళ్ళిన మొదటి ఇల్లు తిరుపతమ్మది. నిజాంపట్నం వైపు, చేపలు పట్టే పల్లెకారుల పేటలో ఉండేది. అప్పటికి పదకొండేళ్ళ కిందట కార్తీక పౌర్ణమికి వాళ్ళ కుటుంబం సముద్రస్నానానికి బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళింది. తొమ్మిదేళ్ళ కూతురు గంగ ఆ జనంలో తప్పిపోయింది. పుట్టినప్పటినుంచీ మాట లేదు, వినపడదు. ఫైల్లో చివరి వాక్యం "సముద్రంలో కొట్టుకుపోయి ఉండవచ్చు" అని ఉంది. గంగ తండ్రి ఆ తర్వాత కొన్నేళ్ళకు జబ్బుచేసి పోయాడు. మమ్మల్ని చూడగానే తిరుపతమ్మ అలవాటుగా ట్రంకుపెట్టె తెరిచి కూతురి ఫోటో తీయబోయింది.

"ఫోటో మా దగ్గరుందిలే అమ్మా. ఇంకో మాట అడగడానికి వచ్చా" అన్నారు వెంకటరత్నం గారు. "సముద్రం తీసుకుపోయిందని మావాళ్ళు రాశారు. నువ్వేమంటావు?"

ఆవిడ ట్రంకుపెట్టె మూత వేసేసింది. "ఇన్నేళ్ళకు అడుగుతున్నావా అయ్యా ఆ మాట? సముద్రం సంగతి మాకు తెలీదా? తీసుకున్నోళ్ళని రెండో నాడో మూడో నాడో ఏదో ఒక ఒడ్డున పడేసిపోద్ది. మా ఆయన సూర్యలంక కాణ్ణించి మా పేట దాకా ఒడ్డెంబడే నడిచాడు. పడవలోళ్ళనందర్నీ అడిగాడు. నా బిడ్డ నీళ్ళలోకి పోలా."

"మరి అప్పుడే చెప్పలేకపోయావా?" అని నేను నోరు జారాను.

"ఎవరడిగారమ్మా?" అంది.

వెంకటరత్నం గారు తలవంచుకుని ఆ మాటలన్నీ పుస్తకంలో రాసుకున్నారు. ఆ తర్వాత మెల్లగా అన్నారు. "పిల్లకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు. మొహం మారి ఉంటుంది. పేరు చెప్పుకోడానికి మాట రాదు. వేరే పేరు పెట్టే ఉంటారు. మారనిదేంటో ఆలోచించి చెప్పమ్మా."

తిరుపతమ్మ చూరుకు వేలాడుతున్న వల వైపు చూసి, "వల అల్లిద్దయ్యా. వాళ్ళ నాన్న నేర్పాడు. దానిది ఎడమచెయ్యి. దారం కాలి బొటనేలికి తగిలించుకుని, మాకెవరికీ అలవాటు లేని ఎదురు ముడి వేసిద్ది. ఏ దారం ముక్క దొరికినా కూచుని అల్లాల్సిందే" అంది. ఆయన అడిగితే ఆ ముడితోనే అరచేతంత ముక్క కష్టపడి అల్లి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి మేమిద్దరం మామూలు బట్టల్లో సూర్యలంక వెళ్ళాం. జనమంతా సముద్రం వైపు చూస్తుంటే ఆయన దానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. స్నానాలైనవాళ్ళు గుంపులు గుంపులుగా వెనక్కి నడుస్తున్నారు, దొరికిన ఆటో ఎక్కుతున్నారు. మేమూ ఒక గుంపు వెంట పడ్డాం. వాళ్ళు ఎక్కిన ఆటోనే ఎక్కితే గంట తిరక్కుండా బాపట్ల రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. ఎవరూ మమ్మల్ని ఎవరని అడగలేదు. "చూశావా? వినపడని పిల్ల, అమ్మ చెయ్యి జారింది. గుంపు ఎటు పోతే అటే పోతుంది. వాళ్ళు ఎక్కిందే తనూ ఎక్కుతుంది" అన్నారు. ఒక బండి తెనాలి వైపు, ఒకటి చీరాల వైపు వెళ్ళిపోయాయి. ఆయన రెండింటినీ కనుమరుగయ్యేదాకా చూశారు.

ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు ఆయన ప్రతి సెలవూ రైలుకే పోయింది. ఒక వారం తెనాలి వైపు, ఒక వారం చీరాల వైపు. వీలైనప్పుడల్లా నేనూ వెళ్ళేదాన్ని. బధిరుల బడులు, అనాథాశ్రమాలు, స్టేషన్ల బయట అరటిపళ్ళు అమ్ముకునేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళినా ఫోటోతో పాటు ఆ వలముక్క తీసి చూపించేవారు. కొందరు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవారు. తెనాలిలో ఒక హాస్టల్లో, మాట రాని ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతెలో అచ్చం ఆ ఫోటో పోలికలే కనిపించాయి. తిరుపతమ్మకు కబురు చేద్దాం సార్ అన్నాను. ఆయన ఆ అమ్మాయి ముందు దారపుండ పెట్టారు. ఆ పిల్ల దాన్ని బంతిలా ఎగరేసి, నవ్వుతూ తిరిగిచ్చేసింది. బయటికొచ్చాక అన్నారు: "తేలేదాకా ఈ ఆశని మనమే మోద్దాం. ఆవిడ నెత్తిన ఉన్న బరువు చాలు."

ఎండాకాలం వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. "ఇంకెక్కడ అడుగుతాం సార్?" అంటే, "నిన్న అడగని చోట" అన్నారు.

అలా అడగని చోటు చీరాల కూరగాయల బజారు. ఉల్లిపాయలమ్మే ఆవిడ ఆ వలముక్కను వేళ్ళతో లాగి చూసింది. "ఇదేంటండి, నా సంచి ముక్కలాగుందే!" అంటూ వెనక మేకుకు తగిలించిన అల్లిక సంచి తీసింది. అవే ముళ్ళు. "మా వీధి చివర మగ్గం వాళ్ళమ్మాయి అల్లిద్దండి. మాట రాదు, పాపం."

ఆ ఇంట్లో మగ్గం చప్పుడు మమ్మల్ని చూడగానే ఆగిపోయింది. మేం ఎవరిమో చెప్పకముందే, నేతాయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి "తీసుకుపోడానికొచ్చారా?" అంది. వెంకటరత్నం గారు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. తాగి, గ్లాసు బోర్లించాక, చెప్పమ్మా అన్నారు. చీరాల రైల్వే స్టేషన్ బయట జ్వరంతో మూలుగుతున్న పిల్లను ఇంటికి తెచ్చుకున్నారట. నాలుగు రోజులు స్టేషన్ దగ్గర కాపు కాశారు. ఎవరూ రాలేదు. పిల్లల్లేని ఇల్లు. "మొదట్లో ఎవరొచ్చి అడుగుతారోనని భయపడ్డామండి. పోనుపోను, ఇంత బంగారుతల్లి కోసం ఎవరూ రారేంటి అని బాధపడ్డాం" అని నేతాయన కళ్ళు తుడుచుకున్నాడు. లోపల, కిటికీ వెలుగులో ఒక అమ్మాయి తెగిన నూలు పోగుల్ని కాలి బొటనవేలికి తగిలించుకుని, ఎడమచేత్తో అల్లుకుంటూ కూర్చుంది. మా మాటలేవీ ఆమెకు వినపడటం లేదు.

మూడో రోజు తిరుపతమ్మను తీసుకెళ్ళాం. బిడ్డ మీద పడి ఏడుస్తుందని అనుకున్నాను. ఆవిడ ఎదురుగా చతికిలబడి, కొంగున కట్టుకొచ్చిన దారం విప్పి, అల్లడం మొదలుపెట్టింది. ఎదురు ముడి దగ్గరికి వచ్చేసరికి తప్పింది. ఆ అమ్మాయి చూసి, దారం అందుకుని, ముడి విప్పి సరిగ్గా వేసింది. తిరుపతమ్మ "గంగా" అంది. పెదవుల కదలిక చూసి ఆ అమ్మాయి ఆగింది. నెమ్మదిగా చెయ్యి చాపి తల్లి గొంతు మీద అరచెయ్యి ఆనించింది. "చిన్నప్పుడు నా మాట ఇట్టాగే వినేదయ్యా" అంటూ తిరుపతమ్మ అప్పుడు ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ రెండో తల్లీ ఏడ్చింది.

కాగితాల తతంగమంతా నడిచింది. ఆ దంపతులు భయపడినట్టు ఏమీ జరగలేదు. సైగల భాష వచ్చిన టీచరమ్మ చేత అడిగిస్తే, గంగ మగ్గం దగ్గరే ఉంటానంది, అమ్మ వస్తూ ఉండాలంది. తిరుపతమ్మ ఒప్పుకుంది. నేనే ఒప్పుకోలేకపోయాను. తిరుగు రైల్లో "ఇంత వెతికింది ఇందుకా సార్?" అన్నాను. "వెతకడం మన పని. ఎక్కడ బతకాలో ఆ పిల్ల ఇష్టం. ఆవిడ ఈ రాత్రి బిడ్డ బతికే ఉందని తెలిసి పడుకుంటుంది. అది తక్కువా?" అన్నారు. 

అన్ని ఫైళ్ళూ అలా ముగియలేదు. ఒకాయన్ని ఎక్కడో అనామకుడిగా పూడ్చిపెట్టారని తేలింది. ఆ కబురు వెంకటరత్నం గారే వెళ్ళి, వాళ్ళ వసారాలో కింద కూర్చుని చెప్పారు, కర్మకాండ అయ్యేదాకా రోజూ వెళ్ళారు. రిటైరైన రోజున మూటలో ఇంకా రెండు ఫైళ్ళు మిగిలాయి. "కొత్త కబురు లేకపోయినా ఏడాదికోసారి వాళ్ళింటికి వెళ్ళమ్మా. లేదని చెప్పడానికైనా వెళ్ళు" అన్నారు నాతో. ఆయన పోయి ఇప్పటికి ఏడేళ్ళు.

ఆ రెండిట్లో ఒకటి రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో పనిచేస్తూ మాయమైన ఒక బడిపంతులు గారిది. ఆయన అక్కగారు అన్నపూర్ణమ్మ గారు సంగం జాగర్లమూడిలో ఉంటారు. నాకు ప్రమోషను వచ్చింది, ఊళ్ళు మారాను, ఏటా వెళ్ళడం మాత్రం మానలేదు. కాఫీ ఇచ్చి, ఏమైనా తెలిసిందా అంటారు. లేదండి అంటాను. ఈ ఏడు వెళ్ళినప్పుడు మాత్రం, ఆవిడ తమ్ముడి చిన్నతనం చెబుతూ చెబుతూ, "వాడికి హార్మోనియం బాగుచేయడం వచ్చు, చెప్పానా? నాటకాల వాళ్ళందరూ వాడి దగ్గరికే తెచ్చేవాళ్ళు" అన్నారు.

"ఎప్పుడూ చెప్పలేదండి" అన్నాను.

"నువ్వు అడగలేదుగా అమ్మా" అన్నారావిడ, నవ్వుతూనే.

చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇన్నేళ్ళూ నేను వెళ్ళి లేదని చెప్పి వస్తున్నానే తప్ప, వెతకడం ఎప్పుడో మానేశాను. ఆ మాట నాకు నేను ఒప్పుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పుస్తకం తీశాను. "చెప్పండి. ఏ ఏ నాటకాల వాళ్ళు వచ్చేవారు?" ఆవిడ చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా తెనాలిలో హార్మోనియంలు బాగుచేసే మొదటి కొట్టు ముందు, తలుపులు తీయకముందే నిలబడి ఉన్నాను.