రాపిడి తిన్నది పోను

మా ఫిజిక్స్ సారు పోయారని మొన్న ఆబిడ్స్‌లో బస్సు దిగగానే, నాతో చదువుకున్న మిత్రుడు చెప్పాడు. దహనం కూడా అయిపోయిందట. రోడ్డు పక్కన నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను.

రాజ్యం మారి, కాలేజీల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషులో చదువు మొదలైన ఏడాది నేను ఇంటర్మీడియట్‌లో ఉన్నాను. ఏళ్ల తరబడి ఉర్దూలో పాఠం చెప్పిన సారుకు ఇంగ్లీషు నోరు తిరగలేదు. ఆయన్ని లేబొరేటరీకి పంపేసి తరగతికి ఇంకొకరిని పెట్టారు. ఆ కొత్తాయన చెప్పేది మాకు ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని సాయంత్రాలు నలుగురం నాంపల్లి స్టేషన్ వెనక సారు ఇంటికి చేరేవాళ్లం.

వరండాలో ఒక చెక్కపలక, దాని చివర గోడకు బిగించిన సైకిల్ సీటు స్ప్రింగు. సారు పలక మీద చెక్కముక్కను తోసేవారు. అది జారుకుంటూ పోయి స్ప్రింగును నొక్కి ఆగేది.

"అడుగడుక్కి బలమెంతని ఎందుకు కొట్టుకుంటున్రు? బయల్దేరినప్పుడు శక్తి ఎంతుండె, నడుమ రాపిడి ఎంత తిన్నది? మిగిలింది స్ప్రింగుల ఉంటది. గంతే."

మా నలుగురిదీ ఒకటే తప్పు. చెక్క స్ప్రింగును తాకేదాకానే రాపిడి లెక్క వేసి ఆపేసేవాళ్లం. సారు కోప్పడేవారు కాదు. స్ప్రింగు కింది పలకను వేలితో రుద్ది చూపేవారు.

"గీడ పలక లేదా? స్ప్రింగు అడ్డమొచ్చిందని రాపిడి ఊకుంటదా? ఆగేదాక తింటనే ఉంటది."

ఆయన పుణ్యమా అని ప్యాసయ్యాను. డిగ్రీ అయ్యాక కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం కూడా వచ్చింది. ఆ మాట చెబుదామని మొజంజాహీ మార్కెట్‌లో పళ్లు కొనుక్కుని వెళ్లాను. సారు సంతోషించారు. తర్వాత తల దించుకుని అడిగారు.

"ఆయితారం ఆయితారం జర వచ్చి నా ఇంగ్లీషు దిద్దుతవా బిడ్డా? రిటైరయ్యేలోపల ఒక్కసారన్న మళ్ల క్లాసుల నిలబడాలె."

"ఔ సార్, వస్త" అన్నాను.

ఒక్క ఆదివారం కూడా వెళ్లలేదు. మొదట పెళ్లి పనులు, తర్వాత బద్ధకం, ఆ తర్వాత ముఖం చెల్లక. ఆయన దవాఖానలో ఉన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

నిన్న ఆ ఇంటికి వెళ్లాను. సారు భార్య నన్ను కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లి లావుపాటి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎడమవైపు పేజీల నిండా సారు దస్తూరీలో ఇంగ్లీషు పాఠం, 'గుడ్ మార్నింగ్, బాయ్స్' నుంచి స్ప్రింగు లెక్క దాకా. ప్రతి పేజీ పైనా ఒక ఆదివారం తేదీ. కుడివైపు పేజీలన్నీ ఖాళీ.

"గటుపక్క నువ్వు దిద్దెటందుకని ఇడిచిపెట్టిన్రు బిడ్డా" అన్నారామె.