నా నడకకు కుదిరిన ట్రక్కు

మా మరిది పోయాడు. మంగళవారం పొద్దున తోటికోడలు ఫోన్ చేసి, "అక్కా, మీ మరిది లేస్తలేడు. ఎంత పిలిచినా లేస్తలేడు," అంది. మీతో దాపరికమెందుకు, నాకు ముందు వచ్చింది భయం. ఏడుపు చాలా సేపటికి వచ్చింది. వాళ్ళ ఇల్లు మా గల్లీ దిగువన. మధ్యలో ఎర్రరాతి వాలు. ఆ వాలు నేను ఒంటరిగా దిగి ఏడాది దాటింది.

నిరుడు వానల్లో అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఎముకకు స్టీలు మేకు కొట్టారు. భయానికి అలాంటిదేదీ లేదట. గడప దాకా వచ్చి వెనక్కి మళ్ళేదాన్ని. ఎవరైనా చెయ్యి పట్టుకుంటామంటే ఒప్పుకొనేదాన్ని కాదు. నాతో పాటు వాళ్ళూ పడతారని ఇంకో భయం.

మా మరిది సైన్సు మాస్టరుగా రిటైరైనవాడు. ఓదార్చడం చేతకాదు. మన్నాఏఖేళ్ళి బజారుకు పోయి, రిమోటుతో నడిచే బొమ్మ ట్రక్కు కొనుక్కొచ్చాడు.

"ఇది నీ ముంగట పోతది వదినా. నువ్వు దీని ఎంబడి రా. మనిషి చెయ్యి వద్దంటివి గద."

"ముసలితనంల నీకు బొమ్మలా, నాకు కవాతా?"

మీట నొక్కగానే అది తప్పించుకున్న కోడిలా గల్లీ చివరికి ఉరికింది. "దీని ఎంబడి పోవాల్నంటే నాకు ఇంకో తుంటి కావాలె," అన్నాను.

ఆ మాట పట్టుకొని కూర్చున్నాడు. మోటారుకు చిన్న గేరు, దాన్ని ఆనుకొని పెద్ద గేరు. చిన్నది ఎన్నోసార్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. పెద్దదాని ఇరుసుకే మరో చిన్నది, దానికి మరో పెద్దది. ప్లాస్టిక్ పళ్ళు విరిగితే హుమ్నాబాద్ పోయి లేతు మిషను మీద ఇత్తడివి చేయించుకొచ్చాడు. "ఉరుకుడు తగ్గితే బలం పెరుగుతది వదినా," అనేవాడు.

అయితే మొదట దాని వేగాన్ని తన నడకకు కుదిర్చాడు. మాస్టర్లు చేసే తప్పే అది. పాఠం తమకు అర్థమైతే చాలనుకుంటారు. మళ్ళీ అంతా విప్పి ఇంకో జత గేర్లు కలిపాడు.

ఈసారి అది చీమలా కదిలింది. చూద్దామని వంగాను. కొంగు జారి గేర్లలో పడింది. ఇత్తడి పళ్ళు చీరను నములుతూ నన్ను లాగసాగాయి. లాగడం నెమ్మదిగానే, కానీ రెండు చేతులతో పట్టినా ఆగదు. గొంతు చించుకొని అరిచాను. కంగారులో అతను మీట వదలాల్సింది పోయి ఇంకా గట్టిగా నొక్కాడు. చివరికి ట్రక్కును ఎత్తి పట్టుకొని బ్యాటరీ పీకేశాడు.

"బలం గింతగనం పెరుగుతదని సోంచాయించలే వదినా."

"మరి నా చీర?"

"పాతదే గద."

"నీ పెండ్లికి పెట్టిందిరా!"

మర్నాడు బిస్కెట్ల డబ్బా రేకు కోసి గేర్లకు మూత బిగించాడు. చీర మాట మాత్రం ఎత్తలేదు.

ఇక రోజూ సాయంత్రం కింద తన అరుగు మీద రిమోటు పట్టుకొని కూర్చునేవాడు. ట్రక్కు ముందు, దాని వెనక చక్రం మీద చూపు నిలిపి నేను వెనక. గల్లీ అంతా నవ్వింది. నవ్వనీ. నా ఒక్కదాని నడక కోసం అన్ని గేర్లు మార్చిన మనిషి ఇంకొకరు నాకు దొరకరు.

మంగళవారం ట్రక్కు అతని బల్ల మీదే ఉంది, గ్రీజు పెట్టడానికి విప్పేసి. నేను పొద్దున్నుంచి గడపలోనే నిలబడిపోయాను. మధ్యాహ్నం చర్చి సంఘం వాళ్ళు వచ్చారు.

"కుర్చీల కూసోబెట్టి తీస్కపోతం అమ్మా. పెట్టె మూసే యాళ్ళయితాంది."

"ఇయ్యాల మీరు మోసేటందుకు ఒక్కడున్నడు, చాలు. మూత పెట్టొద్దని చెప్పుండ్రి. వస్తున్న."

గోడ పట్టుకొని అడుగు వేశాను. ముందు ఎర్రరాయి తప్ప ఏమీ లేదు. చూపు ఎక్కడ నిలపాలో తెలియలేదు. సగం వాలులో వెనక నుంచి ఆటో వచ్చింది. గల్లీ ఇరుకు, నన్ను దాటి పోలేదు. హారన్ కొడితే పడిపోతానని రెండు చేతులా గోడను పట్టుకున్నాను.

"ఆరాంగ నడువమ్మా," అన్నాడు డ్రైవరు.

ఆటో నా వెనకే, నా అడుగును బట్టి కదులుతూ వచ్చింది. కింద గుమ్మంలో తోటికోడలు, పెట్టె మూతను గోడకు ఆనించి, ఎవరూ తీయకుండా దాని మీద చెయ్యి వేసి, నా వైపే చూస్తూ నిలబడి ఉంది.